ఫైలు ఎవరి లాగిన్‌లో ఉంది?

నారాయణపేటలో ఒక మీసేవ కేంద్రం. మధ్యాహ్నం వేళ. కరెంటుంది, నెట్టుంది, సర్వర్ కూడా ఆ రోజు అలగలేదు. అయినా ముందు వరసలో నిలబడ్డ అవ్వ పని మాత్రం కాలేదు. "నీది ఆర్డీవో సార్ లాగిన్ల ఉందవ్వా" అన్నాడు ఆపరేటర్ కుర్రాడు, తెర మీంచి కళ్లు తిప్పకుండానే. అవ్వ కాసేపు ఆలోచించి, "గా లాగిన్ ఏడుంటది కొడుకా? బస్సెక్కి నేనే పోయొస్త" అంది.

వెనక ఉన్నవాళ్లు నవ్వారు. అవ్వ అడిగినదాంట్లో తప్పేముందో నాకు తోచలేదు. ఇదివరకు "ఫైలు సారు టేబుల్ మీద ఉంది" అనేవారు. టేబుల్ కంటికి కనబడేది. దాని మీద దుమ్ము ఎంతుందో, ఫైలు కట్టలో మనది పైనుందో అడుగునుందో కిటికీలోంచి తొంగి చూసినా తెలిసేది. టేబుల్ స్థానంలోకి లాగిన్ వచ్చాక తొంగి చూడ్డానికి కిటికీ లేకుండా పోయింది. పాలమూరు పల్లెల్లో ఈ మాటిప్పుడు పాస్‌బుక్కు, బోరు, సబ్సిడీ లాగా తెలుగు మాటే అయిపోయింది. "ఎమ్మార్వో లాగిన్ల ఉంది", "కలెక్టర్ లాగిన్ల ఆగింది" అని టీ కొట్టు దగ్గర మాట్లాడుకుంటారు. అదేమిటో, ఎక్కడుంటుందో చెప్పేవాళ్లు మాత్రం తక్కువ.

అవ్వ ప్రశ్న వెనకే ఇంకో రెండు ప్రశ్నలున్నాయి. ఎక్కడో ఉన్న ఒక్క కంప్యూటర్‌ను ఇంతమంది ఎలా పంచుకుంటారు? అందులోని సాఫ్ట్‌వేర్‌ను ఎవరు, ఎంత మేరకు వాడాలో ఎవరు నిర్ణయిస్తారు?

ఒక పడుగు, ఎనిమిది చీరలు

మీసేవ కేంద్రంలో బల్ల మీద కనబడే కంప్యూటర్ చేసే పని నిజానికి చాలా తక్కువ. కుర్రాడు నొక్కిన అక్షరాలను అది ఇక్కణ్నుంచి దాదాపు 165 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాద్‌కు పంపుతుంది, అక్కణ్నుంచి వచ్చిన బొమ్మను తెర మీద చూపిస్తుంది. అసలు పని జరిగేది రాష్ట్ర డేటా సెంటర్‌లో. చల్లటి గదిలో, బీరువాల్లాంటి చట్రాల్లో, తెర గానీ కీబోర్డు గానీ లేని కంప్యూటర్లు వరసగా పేర్చి ఉంటాయి. వాటినే సర్వర్లు అంటాం. దరఖాస్తులు, రికార్డులు, వాటిని నడిపే సాఫ్ట్‌వేర్ అన్నీ అక్కడే. 2011 నవంబర్ 4న కరీంనగర్‌లో మీసేవ మొదలైనప్పుడు నారాయణపేట ఇంకా మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉంది, జిల్లా అయింది 2019 ఫిబ్రవరి 17న. జిల్లా కేంద్రం మారినా సర్వర్ మారలేదు. దానికి జిల్లా అంటే పట్టికలో ఒక గడి మాత్రమే.

అన్నీ ఒక్కచోటే ఎందుకు పెట్టాలి? పట్వారీ కాలం గుర్తున్నవాళ్లకు ఈ ప్రశ్న విప్పి చెప్పక్కర్లేదు. ఊరి పహాణీలు పట్వారీ ఇంట్లో, ఆయన ట్రంకు పెట్టెలో ఉండేవి. ఊరి భూములన్నిటికీ ఒక్క పెట్టె, ఒక్క తాళంచెవి. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే అది ఒకే ఒక లాగిన్ ఉన్న సర్వర్. 1980ల మధ్యలో పట్వారీ వ్యవస్థ పోయింది. రికార్డు మండలాఫీసుకు చేరింది, అక్కణ్నుంచి కంప్యూటర్లలోకి ఎక్కింది. ఒక్కో ఆఫీసు కంప్యూటర్‌లో ఒక్కో నకలు ఉంటే, ఒక సర్వే నంబరుకు ఇద్దరు పట్టాదార్లు పుట్టుకొస్తారు. అందుకే నకలు ఒక్కటే ఉంచి, చూసే కిటికీలు ఎన్నైనా పెట్టారు.

ఒక్క యంత్రం అంతమందికి ఎలా సరిపోతుందో తెలుసుకోవాలంటే నారాయణపేటలో దూరం పోనక్కర్లేదు, మగ్గం దగ్గరికి పోతే చాలు. గళ్ల చీరకు, కొట్టొచ్చే అంచుకు పేరుపడ్డ ఈ ఊళ్లో ఒక పాత పద్ధతి ఉంది. మగ్గానికి ఒకేసారి పొడవాటి పడుగు ఎక్కించి, దాని మీదే వరసగా ఎనిమిది చీరలు నేస్తారు. పడుగు సిద్ధం చేయడం, పోగులు అతకడం పెద్ద శ్రమ. ఆ శ్రమ ఒక్కసారి పడితే ఎనిమిది చీరలకు సరిపోతుంది. ఆ పైన ఏ చీర పేక దానిదే.

సర్వర్ చేసేదీ ఇలాంటిదే. సాఫ్ట్‌వేర్‌ను జ్ఞాపకంలోకి ఎక్కించడం పడుగు ఎక్కించడం లాంటిది, ఒకసారి చేస్తే చాలు. మీరు లాగిన్ అయినప్పుడు మీ పేరు, మీ దరఖాస్తు, మీరు ఏ పేజీలో ఉన్నారన్న గుర్తు పేకలా దాని మీద పడతాయి. దీన్ని ఇంగ్లిషులో సెషన్ అంటారు, మనం 'విడత' అందాం. మీ విడతా పక్కవాళ్ల విడతా ఒకే పడుగు మీద నడుస్తాయి, కానీ మీ పేక వాళ్ల చీరలోకి పోదు. తేడా ఒక్కటే. నేతగాడు ఒక చీర ముగించి ఇంకోటి మొదలుపెడతాడు. సర్వర్ మాత్రం ఒక చీరలో ఒక పోగు వేసి, రెండోదానికి దూకి అక్కడొక పోగు వేసి, మూడోదానికి పోతుంది. సెకనులో కొన్ని వందల సార్లు ఇలా దూకుతుంది కాబట్టి మగ్గం తన ఒక్కరి కోసమే ఆడుతోందని అందరూ అనుకుంటారు. చెరువు కింద నీరడి వంతులవారీగా నీళ్లు వదిలినట్టే ఇదీ, కాకపోతే వంతు సెకనులో ఏ వెయ్యో వంతు. పొలాలు మరీ ఎక్కువై ఎవరి మడికీ నీళ్లందకపోతే దాన్నే మనం "సర్వర్ డౌన్" అంటాం.

జొన్నలు విసిరితే

పంచుకోవడం మొదలైన రోజే తాళం అవసరం కూడా పుట్టింది. 1961లో అమెరికాలోని ఎంఐటీలో ఫెర్నాండో కార్బటో బృందం ఒకే కంప్యూటర్‌ను చాలామంది ఒకేసారి వాడే పద్ధతిని చూపించింది. ఎవరి ఫైళ్లు వాళ్లకే కనబడాలని ఒక్కొక్కరికీ ఒక పాస్‌వర్డ్ ఇచ్చారు. కంప్యూటర్ సమయం బంగారం లాంటిది కనుక దాన్నీ వంతులు వేసి పంచారు. అలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థికి వారానికి 4 గంటలు దక్కింది. ఆయన పనికి అది చాలలేదు. 1962లో ఆయన ఏం చేశాడంటే, పాస్‌వర్డులన్నీ ఉన్న ఫైలును అచ్చు వేయమని ఒక పంచ్ కార్డు ద్వారా ఆ యంత్రాన్నే అడిగాడు. యంత్రం బుద్ధిగా అచ్చు వేసి ఇచ్చింది. అప్పట్నుంచి తన వంతు అయిపోగానే ఇంకొకరి పేరుతో ఎక్కేవాడు. ఈ సంగతి బయటికి చెప్పడానికి ఆయనకు దాదాపు పాతికేళ్లు పట్టింది.

నాలుగేళ్లకు, 1966లో, అదే యంత్రంలో మరో వింత జరిగింది. రెండు తాత్కాలిక ఫైళ్ల పేర్లు ఒకటే కావడంతో ఒకటి పోయి ఇంకోదాని చోట కూచుంది. దాంతో లాగిన్ అయిన ప్రతివాడికీ "ఈనాటి సందేశం" చోట అందరి పాస్‌వర్డులూ ప్రత్యక్షమయ్యాయి. ఈసారి దొంగ కూడా లేడు.

ఈ రెండింటిలోనూ నాకు ముఖ్యంగా కనిపించేది ఒక్కటే. తాళం ఎవరూ విరగ్గొట్టలేదు. తాళంచెవుల గుత్తి అందరికీ అందే మేకుకు వేలాడింది. ఆ తర్వాత ఇంజినీర్లు పాస్‌వర్డును అసలు దాచకూడదని నేర్చుకున్నారు. దాచకపోతే సరిచూసేదెలా? జొన్నలు విసిరి చూడాలి. ఒకే రకం జొన్నలను ఒకే తిరగలిలో విసిరితే ఒకే పిండి వస్తుంది, ఆ పిండిలోంచి జొన్నలను మాత్రం బ్రహ్మదేవుడు కూడా వెనక్కి తీయలేడు. సర్వర్ మీ పాస్‌వర్డును ఒక లెక్కల తిరగలిలో విసిరి ఆ పిండినే దాచుకుంటుంది. రేపు మీరు మళ్లీ పాస్‌వర్డ్ కొట్టినప్పుడు దాన్నీ విసిరి, రెండు పిండ్లనూ పోల్చుతుంది. దొంగ పడి సర్వర్‌ను ఊడ్చుకుపోయినా వాడికి దక్కేది పిండే.

సంతకం దగ్గరికొచ్చేసరికి ఇంకో ఉపాయం కావాలి. ఆదాయ ధ్రువపత్రం మీద తహసీల్దారు కలంతో చేసే సంతకం ఉండదు, డిజిటల్ సంతకం ఉంటుంది. తహసీల్దారు దగ్గర పెన్‌డ్రైవ్ లాంటి చిన్న పరికరం ఉంటుంది. ఆఫీసుల్లో దాన్ని డిజిటల్ కీ అనో, డాంగిల్ అనో అంటారు. సమాచార సాంకేతిక చట్టం, 2000 ఆ సంతకానికి చేతి సంతకంతో సమానమైన విలువ ఇచ్చింది. ఆ డాంగిల్ వెనక రెండు తాళంచెవులుంటాయి. ఒకటి రహస్యం, ఆ డాంగిల్ దాటి బయటికి రాదు. రెండోది లోకమంతటికీ తెలిసిందే. మొదటిదానితో వేసిన ముద్రను రెండోదానితో ఎవరైనా సరిచూడొచ్చు, వేయడం మాత్రం కుదరదు. అంచు చూసి ఇది నారాయణపేట చీరని ఎవరైనా గుర్తుపడతారు గానీ నేయడం అందరికీ రాదు కదా, అలాగన్నమాట. ఈ పోలిక కొంతదూరమే నడుస్తుందని ఒప్పుకోవాలి. మరమగ్గం మీద ఆ అంచును అచ్చుగుద్దినట్టు దించేవాళ్లు ఉన్నారు, అందుకే ఈ చీరకు భౌగోళిక గుర్తింపు తెచ్చుకోవాల్సి వచ్చింది. డిజిటల్ కీని అలా దించడం ఇప్పటి కంప్యూటర్ల వల్ల కాదు.

కాని డాంగిల్‌నూ దాని పిన్నునూ కలిపి ఆపరేటర్ చేతికిచ్చి భోజనానికి పోతే ఈ లెక్కలన్నీ గాలికి పోతాయి. ఒక ఆఫీసులో, ఎక్కడో చెప్పను, తెర అంచుకు పసుపు చీటీ మీద పాస్‌వర్డ్ రాసి అంటించి ఉండటం చూశాను. కింద గీత కూడా కొట్టారు, ఎవరికైనా కనబడకపోతుందేమోనని.

మద్దూరు నుంచి కలెక్టరేట్ దాకా

నువ్వెవరో తేలింది. ఆ పైన నీకేం పని అన్న ప్రశ్న ఉంటుంది. ఈ రెంటినీ ఒకటే అనుకోవడం మామూలు పొరపాటు. పెళ్లి పందిట్లోకి చుట్టం పేరు చెప్పి ఎవరైనా రావచ్చు, వంటింట్లోకి కొందరే పోతారు, నగల పెట్టె ఉన్న గదికి ఇద్దరో ముగ్గురో. గుమ్మం దగ్గర పలకరించేది 'ఆనవాలు', లోపల ఏ గది దాకా పోవచ్చో చెప్పేది 'అనుమతి'.

సర్వర్‌లో ఈ అనుమతి ఒక పట్టిక రూపంలో ఉంటుంది. ఒకవైపు మనుషులు, ఇంకోవైపు పనులు. మనుషులు బదిలీ అవుతుంటారు కాబట్టి పేర్లకు బదులు హోదాలు రాస్తారు. ఫలానా సారు అని కాకుండా "తహసీల్దారు" అని రాసి, ఆ హోదాకు ఏమేం చేయవచ్చో పక్కన నింపుతారు. కొత్త సారు వచ్చిన రోజు ఆయన పేరును ఆ హోదాకు తగిలిస్తే చాలు, పాత సారు పేరు ఊడిపోతుంది. ఊడాలి. ఊడకపోతే బదిలీ అయిపోయినాయన ఇంటి నుంచీ సంతకాలు పెట్టవచ్చు.

ఆదాయ ధ్రువపత్రాన్నే తీసుకోండి. మీసేవ ఆపరేటర్ దరఖాస్తు ఎక్కించగలడు, ఆమోదించలేడు. గిర్దావర్ విచారణ రాయగలడు, పత్రం ఇవ్వలేడు. తహసీల్దారు పత్రం ఇవ్వగలడు, కాని దరఖాస్తు లేకుండా తనంతట తాను ఒకటి పుట్టించలేడు. ఏ ఒక్కరూ మొదలు నుంచి చివరి దాకా ఒంటరిగా పని ముగించలేకుండా కావాలనే ముక్కలు చేశారు. ప్రతి ముక్క దగ్గరా ఎవరు, ఎప్పుడు, ఏం చేశారన్నది జాడ చిట్టాలోకి ఎక్కుతుంది. అవ్వకు కుర్రాడు "ఆర్డీవో లాగిన్ల ఉంది" అని చెప్పగలిగింది ఆ జాడ చూసే.

ఆ పట్టికలో ఒక్క గడి మారితే ఊళ్లలో ఏమవుతుందో చూపించడానికి రాష్ట్ర భూరికార్డుల పోర్టల్ ధరణి కన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. 2020 అక్టోబర్ 29న అది మొదలైంది. వ్యవసాయ భూమి రిజిస్ట్రేషన్ చేసే అధికారం తహసీల్దార్లకు వచ్చింది. స్లాట్ బుక్ చేసుకుని పోతే, అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ వేలిముద్ర వేస్తే, రిజిస్ట్రేషనూ మ్యుటేషనూ ఒకే పూటలో అయ్యేవి. ఇది నిజంగా పెద్ద మార్పే. కాని పేరులో తప్పు పడ్డా, విస్తీర్ణం తగ్గినా, సర్వే నంబరు ఎగిరిపోయినా దిద్దే గడి తహసీల్దారుకు లేదు. దిద్దుబాట్లు చాలామటుకు కలెక్టర్ లాగిన్‌కు పోయాయి. ఎదురుగా కూచున్న తహసీల్దారుకు తప్పు కళ్లకు కనబడుతున్నా, తెర మీద దాన్ని దిద్దే మీట ఉండేది కాదు. "నా చేతుల లేదు" అని ఆయన అంటే రైతు నమ్మేవాడు కాదు. అది అక్షరాలా నిజం.

ఎందుకలా పెట్టారన్నదానికీ ఒక తర్కముంది. కింది స్థాయిలో రికార్డులు తారుమారవుతున్నాయన్న అనుమానంతో తాళంచెవుల్ని పైకి తీసుకుపోయారు. ఎవరికైనా పనికి సరిపడా అధికారమే ఇవ్వాలి, అంతకు మించి వద్దన్నది కంప్యూటర్ భద్రతలో పాత సూత్రం, దాన్ని 'కనీస అధికారం' అందాం. కాని సూత్రంలో "పనికి సరిపడా" అన్న మాట కూడా ఉంది. జిల్లాకు ఒక్క కలెక్టర్, ఆ ఒక్క లాగిన్ ముందు జిల్లా మొత్తం క్యూ. నీళ్లు దొంగిలిస్తున్నారని చెరువు తూములన్నీ మూసి ఒక్కటే ఉంచితే దొంగతనం తగ్గుతుంది, మళ్లూ ఎండుతాయి.

2024 ఫిబ్రవరి చివర్లో ప్రభుత్వం ఆ పట్టికను తిరగరాసింది. కొన్ని రకాల దరఖాస్తులు తహసీల్దారుకు, కొన్ని ఆర్డీవోకు, కొన్ని అదనపు కలెక్టర్‌కు పంచింది, మిగిలినవి కలెక్టర్ దగ్గరే ఉంచింది. మార్చి మొదటి వారంలో పెండింగ్ దరఖాస్తుల కోసం ప్రత్యేక డ్రైవ్ నడిచింది. సర్వర్ మార్చలేదు, తీగలు మార్చలేదు. మారింది పట్టికలో గడులు. తర్వాత ధరణి స్థానంలో భూభారతి చట్టం వచ్చింది, 2025 ఏప్రిల్ 14 నుంచి అమలైంది. ముందు ప్రయోగంగా రాష్ట్రంలో నాలుగు మండలాలను ఎంచుకున్నారు, వాటిలో ఒకటి మన నారాయణపేట జిల్లా మద్దూరు. కింది అధికారి నిర్ణయం నచ్చకపోతే పై అధికారి దగ్గర అప్పీలు చేసుకునే దారి ఈ చట్టంలో పెట్టారు. అప్పీలంటే సాఫ్ట్‌వేర్ భాషలో పట్టికకు ఇంకొన్ని గడులు చేర్చడమే.

పట్టా ఒకరిది, కాస్తు ఒకరిది

ఇంతదాకా చెప్పింది సర్వర్ యజమానికీ వాడేవాళ్లకూ మధ్య సంగతి. ఇంకో కట్టడి ఉంది. అది సాఫ్ట్‌వేర్ తయారుచేసినవాడికీ సర్వర్ యజమానికీ మధ్యది, దాన్ని లైసెన్సు అంటారు. ఈ రెండూ తరచుగా కలగాపులగం అవుతాయి. తెర మీద "అనుమతి లేదు" అని వస్తే అది ఆఫీసు పెట్టిన గోడ కావచ్చు, కంపెనీ పెట్టిన గోడ కావచ్చు.

సాఫ్ట్‌వేర్ కొన్నాం అంటాం గానీ, నిజానికి మనం కొనేది కౌలు. పట్టా తయారుచేసినవాడి పేరు మీదే ఉంటుంది. కౌలుదారు దున్నుకోవచ్చు, పంట తీసుకోవచ్చు. పొలం అమ్మలేడు, ఇంకొకరికి తిరిగి కౌలుకివ్వలేడు, గట్లు చెరపలేడు. పాత పహాణీల్లో పట్టాదారు కాలమ్ పక్కన అనుభవదారు కాలమ్ ఉండేది గుర్తుందా, లైసెన్సు కొన్నవాడి పేరు ఆ రెండో కాలమ్‌లో ఉంటుంది.

మరి ఆ డబ్బాలో వచ్చే సీడీ సరుకా, కాదా? ఈ ప్రశ్నను సుప్రీంకోర్టు దాకా తీసుకుపోయిన కేసు మనదే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సాఫ్ట్‌వేర్ మీద అమ్మకం పన్ను వేసింది. ఇది బుద్ధితో పుట్టింది, చేత్తో పట్టుకునేది కాదు, సరుకెలా అవుతుందని టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ వాదించింది. 2004 నవంబర్ 5న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం రాష్ట్రం వైపు తీర్పిచ్చింది. మార్కెట్లో తయారుగా దొరికే సాఫ్ట్‌వేర్‌ను సీడీలాంటి దాని మీద ఎక్కించి అమ్మితే అది సరుకే అంది. 2021 మార్చి 2న ఇంకో కేసులో అదే కోర్టు మరో ముడి విప్పింది. విదేశీ కంపెనీకి సాఫ్ట్‌వేర్ కోసం కట్టే డబ్బు దాని కాపీహక్కుకు కట్టే ధర కాదు, ఒక కాపీని వాడుకోవడానికి కట్టేదే అంది. పంటకు కట్టామే గానీ పొలానికి కట్టలేదన్నమాట.

కౌలు లెక్క ఎలా కట్టాలన్నది సర్వర్ల దగ్గర చిక్కుముడి అవుతుంది. ఒక్క కంప్యూటర్, ఒక్క మనిషి ఉంటే ఒక్క లైసెన్సు, తెగిపోయింది. ఒక్క కంప్యూటర్‌ను 40 మంది దూరం నుంచి వాడితే? మగ్గం లెక్కా, నేతగాడి లెక్కా? విండోస్ సర్వర్ ఈ రెండిట్లో ఏదో ఒకటి ఎంచుకోమంటుంది. 10 మగ్గాలున్నాయి, మూడు షిఫ్టుల్లో 30 మంది నేస్తారు, అప్పుడు మగ్గం లెక్క చవక. నేతగాడు ఒక్కడే గానీ ఇంట్లో ఒక మగ్గం, షెడ్డులో ఒకటి, మామగారింట్లో ఇంకోటి ఆడిస్తాడు, అప్పుడు మనిషి లెక్క చవక. ఆ యంత్రం బాగోగులు చూసుకోవడానికి ఇద్దరు మాత్రం ఊరికే ఎక్కవచ్చు. మిగతావాళ్లకు లైసెన్సు పెట్టడానికి 120 రోజుల గడువిస్తుంది. 121వ రోజు పొద్దున ఆఫీసు తెరిచి, నిన్నటిదాకా నడిచింది ఇవాళెందుకు నడవదని తలపట్టుకున్నవాళ్లు దేశంలో తక్కువేం లేరు.

కందుల వ్యాపారి దుకాణంలో టాలీ అనే పద్దుల సాఫ్ట్‌వేర్ ఉంటుంది, అందులోనూ ఈ లెక్కే. సిల్వర్ లైసెన్సు ఒక్కరికి, గోల్డ్ ఒకే నెట్‌వర్క్‌లో ఉన్న అందరికీ. ఇది కంపెనీ గోడ. గుమాస్తాకు చిట్టా రాసే వీలిచ్చి, లాభనష్టాల పేజీ కనబడకుండా సేఠ్ దాచుకుంటాడు చూశారా, అది సేఠ్ గోడ. పెద్ద డేటాబేస్‌లు కొన్ని ఇంకో రకం. మనుషుల్నీ లెక్కపెట్టవు, మగ్గాల్నీ లెక్కపెట్టవు, యంత్రంలో ఎన్ని మెదళ్లున్నాయో లెక్కపెట్టి వసూలు చేస్తాయి. నువ్వు విత్తావా, బీడు పెట్టావా నాకనవసరం, ఎకరాకింత ఇవ్వాల్సిందే అనే ఆసామి పద్ధతి. నాకిది ఎప్పుడూ న్యాయంగా తోచలేదు.

సీటు మీద కర్చీఫ్

ఖరీదైన సాఫ్ట్‌వేర్లకు ఇంకో పద్ధతుంది, దాన్ని 'సీటు లెక్క' అందాం. ఇంజినీరింగ్ కాలేజీలో 300 మంది విద్యార్థులున్నా ఒకే సమయంలో గీతలు గీసేది ఏ 25 మందో. అందుకని 25 సీట్లే కొంటారు. ఎవరైనా కూచోవచ్చు, ఒకసారికి పాతిక మందే. పేరు మీద ఇచ్చే లైసెన్సు ఫొటో అంటించిన ఆర్టీసీ బస్ పాసైతే, ఇది బస్సులో సీటు.

సీట్లు లెక్కపెట్టడానికి కండక్టర్ కావాలి కదా. నెట్‌వర్క్‌లో ఒక చిన్న ప్రోగ్రామ్ ఆ పని చేస్తుంది. 1980ల చివర్లో పుట్టిన ఫ్లెక్సెల్ఎం ఈ పనికి పేరుపొందింది. దాని చేతిలో ఒక లైసెన్సు ఫైలు ఉంటుంది, ఏ యంత్రం మీద, ఎన్ని సీట్లు, ఏ తేదీ దాకా అన్నవి రాసి. మీరు సాఫ్ట్‌వేర్ తెరవగానే అది కండక్టర్‌ను అడుగుతుంది, సీటుందా అని. ఉంటే ఒకటి తగ్గించి మిమ్మల్ని కూచోబెడుతుంది, మీరు దిగగానే ఒకటి కలుపుతుంది. ఫైల్లో 25ను 250 చేద్దామని ఎవరైనా చేయిపెడితే కుదరదు. పైన చెప్పిన డిజిటల్ ముద్ర ఆ ఫైలు మీదా ఉంటుంది, ఒక్క అంకె మారినా ముద్ర పొసగదు. గడువు దాటకుండా గడియారాన్ని వెనక్కి తిప్పే చిలిపివాళ్లూ ఉంటారు. రేపటి తేదీ వేసిన ఫైలు ఇవాళ కనబడితే కండక్టర్‌కు అనుమానం వస్తుంది.

చిక్కల్లా దిగకుండా పోయేవాళ్లతో. బస్సు ఇంకా ఆగకముందే కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపడం మనకు జన్మతః వచ్చిన విద్య. ఆ మనిషి బస్సెక్కకుండా టీ తాగుతూ కూచుంటే సీటు ఖాళీ, కాని ఎవరూ కూచోరు. దూరపు సర్వర్‌లో ఇది రోజూ జరుగుతుంది. మీ నెట్ తెగిపోతుంది, లేదా లాగౌట్ కొట్టకుండా తెర మూసేసి ఇంటికి పోతారు. మీరు లేరు, మీ విడత అక్కడే ఉంది, సీటు మీద కర్చీఫ్ అలాగే ఉంది. అందుకే కండక్టర్ కొన్ని నిమిషాలకోసారి "ఉన్నారా?" అని పిలుస్తుంది. కొంతసేపు బదులు రాకపోతే కర్చీఫ్ తీసి పక్కన పడేస్తుంది. ఎంతసేపు ఆగాలన్నది యజమాని ఇష్టం. మరీ తక్కువ పెడితే, నెట్ రెండు నిమిషాలు పోయి వచ్చేసరికి మీరు సగం నింపిన ఫారం గల్లంతు. ఎక్కువ పెడితే బయట క్యూ పెరుగుతుంది. మద్దూరు, కోస్గి వైపు నెట్ తీరు తెలిసినవాడు రాసే నిమిషాలు వేరు, హైదరాబాద్ గదిలో కూచున్నవాడు రాసే నిమిషాలు వేరు.

చేతులు మారిన గుత్తి

ఇన్ని గోడలూ వద్దు, సాఫ్ట్‌వేర్ అందరిదీ కావాలన్నవాళ్లూ ఉన్నారు. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ ఈ మాట చాలాకాలంగా చెబుతోంది. వీళ్ల లైసెన్సుల్లో పేరుపొందింది 1989 నాటి జీపీఎల్. దాని షరతు వంట పుస్తకం లాంటిది. పుస్తకం ఉచితం, వంటలు మార్చుకోవచ్చు, కాని మార్చిన పుస్తకాన్ని ఇంకొకరికి ఇస్తే మార్పులతో సహా ఇవ్వాలి.

దూరపు సర్వర్లు వచ్చి ఈ షరతుకు సందు పెట్టాయి. హోటల్‌వాడు పుస్తకాన్ని ఎవరికీ ఇవ్వడు, ప్లేటు మాత్రమే పెడతాడు. వంటింట్లో పుస్తకాన్ని ఎంత మార్చినా అడిగేవాడు లేడు, ఎందుకంటే ఇవ్వడమన్నదే జరగలేదు. తిన్నవాడికి పుస్తకం చూసే హక్కు పోయింది. ఆ సందు మూయడానికే 2002లో అఫెరో లైసెన్సు, 2007లో ఏజీపీఎల్ మూడో కూర్పు వచ్చాయి. నెట్ ద్వారా ప్లేటు పెట్టినా సరే, తిన్నవాడు అడిగితే పుస్తకం చూపించాలి అన్నాయి.

ప్రభుత్వ సర్వర్ దగ్గర ఈ ప్రశ్న ఇంకా బరువైనది. ధరణిని మొదట ప్రైవేటు సంస్థ నిర్వహించింది. 2024 చివర్లో ఆ బాధ్యతను కేంద్ర ప్రభుత్వానికి చెందిన ఎన్‌ఐసీకి అప్పగించారు. ఇలాంటి అప్పగింతలో చేతులు మారాల్సినవి ఏమిటో చూడండి. యంత్రాలు తేలిక. భూముల సమాచారం రాష్ట్రానిది, అందులో వాదం లేదు. దాన్ని నడిపే ప్రోగ్రామ్ రాతప్రతి, అంటే సోర్స్ కోడ్, ఎవరిదన్నది ఒప్పందంలో ముందే రాసుకోకపోతే కౌలుదారు దిగిపోయాక బావిలో మోటారు నాది, పైపులు నావి అన్నట్టుంటుంది. కింద వాడిన డేటాబేస్‌ల లైసెన్సులు ఎవరి పేరు మీద ఉన్నాయో చూడాలి. అన్నిటికంటే పైన ఒక లాగిన్ ఉంటుంది. అనుమతి పట్టికనే మార్చగలిగే లాగిన్. కలెక్టర్‌కు ఏ గడులుండాలో నిర్ణయించే ఆ లాగిన్ కలెక్టర్ దగ్గర ఉండదు, ఏ అధికారి బల్ల మీదా బోర్డు పెట్టుకుని కూచోదు. ఆ గుత్తి మారిన రోజు పాత చెవులన్నీ రద్దు చేసి కొత్తవి కోయించాలి. కొత్త ఇల్లు కొన్నాక తాళాలు మార్చేది ఇందుకే.

మద్దూరు మండలంలో 2025 ఏప్రిల్‌లో రెవెన్యూ సదస్సులు పెట్టినప్పుడు అధికారులే ఊళ్లకు వచ్చి టెంటు కింద కుర్చీలు వేసుకుని కూచున్నారు. రైతులు తమ దరఖాస్తుల్ని కాగితాల మీదే ఇచ్చారు, రసీదులు పుచ్చుకున్నారు. ఆ కాగితాలు కంప్యూటర్‌లోకి ఎక్కాక ప్రతిదానికీ ఒక నంబరు పడుతుంది, పక్కనే ఒక హోదా పేరు పడుతుంది. రసీదు మడిచి చీర కొంగున కట్టుకున్న అవ్వ ఇక అడగాల్సింది ఆ నంబరు పక్కన ఇప్పుడు ఎవరి పేరుంది, ఏ తేదీ నుంచి ఉంది అని. ఆ రెండూ జాడ చిట్టాలో రాసి ఉంటాయి. కుర్రాడు తెర కాస్త ఇటు తిప్పితే ఆమెకూ కనబడతాయి.